రెండు పూటలా నీళ్ళు పోసిన లావెండర్

ఢిల్లీలో దారి అడిగితే తెలియదని చెప్పే మనిషి నాకింతవరకు తగల్లేదు. ఇది నా ఫిర్యాదు. మా రాజమహేంద్రవరంలో అయితే తెలియనివాడు "ఏమోనండీ, ఆ కొట్లో అడగండి" అంటాడు. కొట్టువాడు ఇంకొకరిని చూపిస్తాడు. అలా నలుగురి దయతో ఇల్లు చేరతాం. ఢిల్లీలో ఆ పేచీ లేదు. మనం అడగడం పూర్తి కాకముందే చెయ్యి లేస్తుంది. "సీధా జాకే లెఫ్ట్." ఆ చేతిలో అనుమానమన్నది ఉండదు. మెట్రో దిగి మా మేనల్లుడి గది కోసం ముగ్గురిని అడిగితే ముగ్గురూ మూడు దిక్కులు చూపించారు. మూడో ఆయన చెప్పిన దారిలో వెళ్తే మొదటి ఆయనే మళ్ళీ ఎదురయ్యాడు. నన్ను గుర్తుపట్టి, ఎంతో ఆదరంగా, ఈసారి ఇంకో వైపు చూపించాడు.

తెలియనప్పుడు తెలియదనడానికి వీళ్ళకేం పోయిందని చాలా చిరాకు పడ్డాను. ఆ చిరాకు నాకు సరిగ్గా ఒక రోజు నిలిచింది.

లక్ష్మీ నగర్

నేనెందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. నేను బీమా ఆఫీసులో పనిచేస్తాను. ఎప్పుడో వృక్షశాస్త్రంలో డిగ్రీ చేశాను. ఆ డిగ్రీ నా దగ్గరుంది గాని శాస్త్రం లేదు. మా డాబా మీద మల్లె, కరివేపాకు, గులాబీ కలిపి నలభై కుండీలున్నాయి. ఆ నలభై కుండీల అధికారంతో ఈ పత్రికలో తొమ్మిదేళ్ళుగా మొక్కల శీర్షిక రాస్తున్నాను. రెండేళ్ళ కిందట లావెండర్ గురించి ఒక వ్యాసం రాశాను. నేను రాసినవాటిలో దానికొచ్చినన్ని ఉత్తరాలు దేనికీ రాలేదు. శీర్షికంతా పుస్తకంగా వేద్దామని మొన్న సంపాదకులు అన్నప్పుడు, లావెండర్ మీద మాత్రం పెద్ద అధ్యాయం కావాలన్నారు: తోటకు ఏ రకం, నూనెకు ఏ రకం, వంటకు ఏ రకం. "ఈసారి చూసి రాయండి" అన్నారు. "చూసి" అన్న మాట దగ్గర ఆయన కొంచెం ఎక్కువసేపు ఆగినట్టు నాకు తర్వాత తోచింది.

మన గోదావరి గాలిలో తేమకు లావెండర్ బతకడం కష్టం. ఢిల్లీలో చలికాలం కుండీల్లో పెడితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూస్తుంది. అందుకని మార్చి మొదటి వారంలో రైలెక్కాను. ఇంకో కారణం కూడా ఉంది. ఢిల్లీ కంటోన్మెంట్ నుంచి కృష్ణవేణి అనే ఆవిడ, ఒక హవల్దారు గారి భార్య, ఆ వ్యాసం చదివి నాకు ఉత్తరం రాసింది. "మీరు చెప్పినట్టే ఇరవై రెండు మొక్కలు పెట్టాను సార్. ఢిల్లీ వస్తే తప్పకుండా మా తోట చూడాలి" అని. ఆ ఉత్తరం ఆఫీసులో నలుగురికి చూపించాను. నలుగురిలో ఎవరూ చూపించమని అడగలేదు.

మేనల్లుడు కిరణ్ సివిల్స్‌కు చదువుతున్నాడు. వాడి గదిలో ఒక మంచం, ఒక బల్ల, మిగతాదంతా రాజ్యాంగం. కింద బండి మీద ఛోలే కుల్చే తిన్నాం, శనగల కూర, మెత్తటి రొట్టె. ప్లేటు అరవై రూపాయలు. దానితో ఇచ్చిన పచ్చిమిరపకాయకు మన మిరపకాయ పక్కన నిలబడే ధైర్యం లేదు. కుల్చే నములుతూ వాడు అడిగాడు.

"మావయ్యా, నువ్వు లావెండర్ ఎప్పుడు పెంచావు? మీ డాబా మీద నేనెప్పుడూ చూళ్ళేదే."

"రాయడానికి పెంచనక్కర్లేదురా. నువ్వు పార్లమెంటులో కూర్చునే పాలిటీ చదువుతున్నావా?"

వాడు మళ్ళీ కుల్చే మీద పడ్డాడు. గెలిచాననుకుని ఇంకో కుల్చా చెప్పాను.

నోయిడా

మర్నాడు పొద్దున్నే నోయిడాలో నర్సింగరావు గారింటికి వెళ్ళాను. కరీంనగర్ ఆయన. ఒక వార్తాసంస్థలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరై, పద్నాలుగో అంతస్తు బాల్కనీలో లావెండర్లు పెంచుకుంటున్నాడు. లిఫ్టు ఎక్కే ముందు వాళ్ళ సొసైటీ పచ్చికలో నడుమెత్తున నీలంగా పూసిన పొడుగాటి మడి కనిపించింది. నా వ్యాసంతోపాటు అచ్చయిన ఫోటో అచ్చం అలాగే ఉంటుంది. అది నేనే తీశాను, హైదరాబాదులో ఒక పార్కులో.

"మీ సొసైటీలో లావెండర్ బాగా పెంచారండీ" అన్నాను, బాల్కనీలో కూర్చున్నాక.

"ఏడుంది?"

"కింద, గేటు పక్కన."

ఆయన రెయిలింగు మీంచి వంగి చూశాడు. "గది సాల్వియా సారు. నీలం సాల్వియా. గది తెల్వక శానమంది ఫోటోలు దిగుతరు. పోయిన్నెల ఒక పెండ్లి జంట గూడ దిగిపోయిన్రు. తెల్వనోళ్ళు, పాపం."

పెళ్ళి జంట మీద నాకు హఠాత్తుగా సానుభూతి కలిగింది. టీ కప్పు అందుకున్నాను.

బాల్కనీలో మూడు రకాలున్నాయి. ఆయన ఒక్కొక్క దాని ఆకు తుంచి నా చేతిలో పెట్టాడు. మొదటిది ఇంగ్లీషు లావెండర్. సన్నటి బూడిదరంగు ఆకు, పొడుగాటి కాడ చివర చిన్న కంకి. నలిపితే తీపి వాసన. మన మరువానికి దూరపు అక్క అనిపిస్తుంది; నిజానికి చుట్టరికం ఉంది కూడా, రెండూ తులసి కుటుంబమే. వంటకు పనికొచ్చేది ఇదే. రెండోదానికి ఆకు అంచంతా రంపపు పళ్ళలా ఉంటుంది. వాసన కొంచెం ఘాటు, వంటకు వద్దు, కాని ఢిల్లీ ఎండకు కాస్తోకూస్తో తట్టుకునేది అదే. కుండీల తోటకు మంచిది. మూడోదానికి పువ్వు నెత్తిన కుందేలు చెవుల్లా రెండు రేకులు లేచి ఉంటాయి. చూడ్డానికి ముగ్గురిలోకీ అందగత్తె.

"గిది నోట్లె ఏస్కోండ్రి" అన్నాడాయన, చెవుల పువ్వు తుంచి.

వేసుకున్నాను. కర్పూరం. పచ్చకర్పూరం వేసిన చక్రపొంగలి తిని పెరిగిన నాలుక నాది, కర్పూరానికి భయపడేది కాదు. అయినా కళ్ళు చెమర్చాయి.

"తెలిసిందా? గిందుకే చెవులది కండ్లకు మాత్రమే. తినడానికి ఇంగ్లీషుదొక్కటే. గది గూడ కప్పుకు నాలుగు మొగ్గలు. ఐదోది ఏస్తే సబ్బు తాగినట్టుంటది."

నా వ్యాసంలో "లావెండర్ పూలను పాయసంలో ధారాళంగా వాడవచ్చు" అన్న వాక్యం ఉంది. ఏ లావెండరో రాయలేదు. ధారాళం అంటే ఎన్నో కూడా రాయలేదు.

నీళ్ళ సంగతి అడిగాను, నోట్సు రాసుకునే ధీమాతో. ఆయన ఇంగ్లీషు మొక్క కుండీలో వేలు పెట్టి చూపించాడు. సగం ఇసుక, గులకరాళ్ళు, కొంచెం గోడసున్నం.

"మట్టి ఎండినంక మూడు నాలుగు దినాలకు ఒక గ్లాసు. అంతే. దీనికి నీళ్ళంటే పగ. పేడ నీళ్ళు పోస్తే ఇంకా జల్దీ సస్తది. మే నెలల నేనైతే ఏసీ రూముల పెట్టి సాదుతున్న, మా మనవడికి గూడ గంత ఏసీ వెయ్యం. ఎవడో తెలివిగల్లోడు మన తెలుగు పత్రికల్నే రాసిండు సారు, పొద్దుమాపు నీళ్ళు పోయాల్నట, వారానికోపారి పేడ నీళ్ళట. గా ముక్క కోసి దాసిన. ఉండుండ్రి తెస్త."

"వద్దండీ" అన్నాను. "మెట్రోకు టైమవుతోంది."

మెట్రోకు టైమవడం అనేది ఉండదు. ఐదు నిమిషాలకొకటి వస్తుంది. ఆయన మర్యాదస్తుడు, ఆ మాట అనలేదు.

ఇప్పుడు మీకు చెప్పక తప్పదు. రెండేళ్ళ కిందట ఆ లావెండర్ వ్యాసానికి గడువు మర్నాడు పొద్దుటికి. ఆఫీసులో మార్చి నెల లెక్కల హడావుడి. అంతకు మూడేళ్ళ ముందు మల్లె మీద నేను రాసిన మంచి వ్యాసం ఒకటి ఉంది. మంచిదని నేనే అంటున్నాను, ఎందుకంటే మల్లె నాకు తెలుసు. అందులో "మల్లె" అని ఉన్నచోటల్లా "లావెండర్" అని మార్చాను. మొదట్లో విదేశాల గురించి ఒక పేరా, చివర పాయసం చేర్చాను. గంటలో అయిపోయింది. అంత హాయిగా రాసిన వ్యాసం ఇంకొకటి లేదు.

ఫరీదాబాద్

మూడో రోజు నూనె చూడటానికి వెళ్ళాను. కార్ఖానాల వెనక ఒక సందులో మిశ్రా గారని, డెబ్భై ఏళ్ళ పెద్దాయన, సబ్బుల కంపెనీలకు సుగంధ తైలాలు అమ్ముతాడు. వెనక గదిలో పెద్ద రాగి డేగిసా, దాని మెడ నుంచి ఒక గొట్టం నీళ్ళ తొట్టిలోకి. పూలను ఆవిరి పట్టి నూనె తీస్తారు. సందంతా ఎవరో స్నానం చేసి ఇప్పుడే బయటికొచ్చినట్టు వాసన.

ఆయన రెండు కాగితపు పుల్లలు రెండు సీసాల్లో ముంచి, ఒకటి తర్వాత ఒకటి నా ముక్కు దగ్గర పెట్టాడు. మొదటిది మెత్తగా వచ్చి నిలబడింది. రెండోది తలుపు తోసుకుని వచ్చింది.

మొదటిది ఇంగ్లీషుది, కొండల్లో చలి ప్రాంతం నుంచి వస్తుంది, పూలెన్ని పోసినా నూనె తక్కువ, అత్తర్లకు వెళ్తుంది. రెండోది సంకరజాతి, మొక్క పెద్దది, నూనె ఎన్నో రెట్లు, కర్పూరం వాటా ఎక్కువ. సబ్బులకు, నేల తుడిచే ద్రావకాలకు అదే. "పెళ్ళికూతురు మొదటిది బాబూజీ, ఇల్లు నడిపేది రెండోది" అన్నాడు హిందీలో. మనం ఇన్నాళ్ళూ లావెండర్ వాసన అనుకున్నది చాలావరకు ఆ రెండోదేనట. ఢిల్లీ కుండీల్లో పెంచి నూనె తీద్దామనుకునేవాళ్ళ గురించి అడిగితే చాలాసేపు నవ్వాడు. ఒక డేగిసాకు బస్తాలకు బస్తాలు పూలు కావాలి. "ఇరవై కుండీలకు ఏమొస్తుంది?" అంటే, "చెయ్యి వాసనొస్తుంది" అన్నాడు. నా వ్యాసంలో "ఇంట్లోనే నూనె తీసి ఆదాయం పొందవచ్చు" అని కూడా ఉంది. మల్లె వ్యాసంలో ఆ చోట దండలుండేవి.

తర్వాత ఆయన అడిగాడు. "మీ ఆంధ్రాలో మీరు ఏది పెంచుతారు?"

"నేను రాస్తానండీ."

"అచ్ఛా" అన్నాడు. సీసాకు మూత పెడుతూ మళ్ళీ, "అచ్ఛా, లిఖ్‌తే హై" అన్నాడు, ఓహో రాస్తారా అన్నట్టు. కించపరిచే ఉద్దేశం ఏమీ లేదు. అందువల్లే బాగా తగిలింది.

ఇంగ్లీషు నూనె చిన్న సీసా ఎనిమిది వందలకు కొన్నాను. మూత గట్టిగా బిగించలేదు. మర్నాడు పొద్దున చూస్తే సంచీలోంచి కారి కిరణ్ నోట్సు మీదికి చేరింది.

"మావయ్యా, ప్రాథమిక హక్కులన్నీ సబ్బు వాసనొస్తున్నాయి" అన్నాడు వాడు, కాగితాలు ఫ్యాను కింద ఆరబెడుతూ. తర్వాత మామూలు గొంతుతో, "ఇవాళ కంటోన్మెంటుకు వెళ్తున్నావుగా. ఆవిడకు చెప్తావా?" అన్నాడు. జరిగింది ముందు రోజు సాయంత్రమే వాడికి చెప్పుకున్నాను.

"ముందు తోట ఎలా ఉందో చూద్దాంరా. బతికే ఉన్నాయేమో."

"నువ్వే ఫోన్ చేసి అడగొచ్చుగా."

అడగొచ్చు. ఆవిడ ఉత్తరంలో నంబరుంది. రెండేళ్ళుగా ఉంది.

కంటోన్మెంట్

దారిలో నర్సరీలో రంపపు పళ్ళ ఆకు లావెండర్ మొక్క ఒకటి కొన్నాను, నూట యాభై. గేటు దగ్గర రిజిస్టరులో "వచ్చిన పని" అన్న గడి ఉంది. లావెండర్ పరిశీలన అని రాశాను. కాపలా జవాను అది చదివి, మొక్కను చూసి, నన్ను చూసి, ముద్ర వేశాడు. హవల్దారు రామారావు గారు నన్ను తీసుకెళ్ళడానికి స్కూటరు మీద వచ్చారు. శ్రీకాకుళం జిల్లా మనిషి. తక్కువ మాటలు.

కంటోన్మెంటులో కుండీలన్నీ ఒకేలా ఉంటాయి. గేరు అనే ఎర్రమట్టి రంగు, మెడ చుట్టూ తెల్లగీత. దారుల అంచున ఇటుకలకు సున్నం కొట్టి ఉంటుంది. ఒక లైనులో పన్నెండు క్వార్టర్లు, పన్నెండు భాషలు. మెంతికూర, కొత్తిమీర, బంతి అన్ని గుమ్మాల ముందూ ఉన్నాయి. వీళ్ళ గుమ్మం ముందు ఏమీ లేదు. ఇంటి వెనక ఇరవై పైచిలుకు గేరు కుండీలు బోర్లించి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. లెక్కపెట్టలేదు. ఎన్నో నాకు తెలుసు.

కృష్ణవేణి గారు బెల్లం గవ్వలు, టీ తెచ్చి పెట్టింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పక్క క్వార్టరు హర్యానా ఆవిడ కమ్లా, రచయితను చూడ్డానికని వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"మీరు ఒచ్చినారు, సూపించడానికి ఏటీ నేదు సార్" అంది కృష్ణవేణి గారు. "ఒక్కటీ బతకనేదు. మీరు రాసినట్టే సేసినాను. పొద్దున్నోపాలి, సాయంత్రంపూట ఓపాలి నీల్లు పోసినాను. వారం వారం పేడనీల్లు. మే నెల్లో ట్యాంకరు రాని రోజుల్లో ఈయన తానం మానీసి ఆ బకెట్టు మొక్కలకి పోసీవోరు."

రామారావు గారు గవ్వల వైపు చూస్తూ కూర్చున్నారు.

"మీ తప్పేటి నేదు సార్. నా హస్తవాసి పోయింది."

నేను అర్థం కానట్టు చూశాను. కమ్లా తన హిందీలో అందుకుంది. ఆ లైనులోకి కొత్త కుటుంబం వస్తే, గుమ్మం ముందు మొదటి మొక్క కృష్ణవేణి చేత పెట్టించడం వాళ్ళకు అలవాటట. పంజాబీ అయినా, మలయాళీ అయినా. ఆమె చెయ్యి తగిలితే ఎండు పుల్ల కూడా చిగురిస్తుందని పేరు. "హమారీ మేథీ భీ ఇసీకే హాథ్ సే" అంది, తన మెంతికూర కూడా ఈవిడ చేతిదేనని. లావెండర్లు వరసగా చచ్చిపోయాక ఈవిడే ఇంక పెట్టనంది. మొదట్లో అందరూ బతిమాలారు. తర్వాత వచ్చిన ఇద్దరు ముగ్గురు అడగలేదు. ఇప్పుడు ఎవరూ అడగరు.

"మరి ఆ ఒక్కటి?" అన్నాను. సున్నం కొట్టిన ఇటుకల పక్కన పగిలిన కుండీ ఒకటి, అందులో బూడిదరంగు పొద, నిండా పూత. ఆకు అంచున రంపపు పళ్ళు.

"అదా. సచ్చిపోయిందని మొదటి నెల్లోనే అక్కడ ఇసిరీసినాను. మరి ముట్టుకోనేదు. నీల్లు పొయ్యనేదు. నాను ముట్టుకోనేదు కాబట్టే బతికింది, సూడండి." అది ఆమె దగ్గరున్న రుజువు. నా దగ్గర కూడా అదే రుజువు. సున్నం, రాళ్ళు, ఎండ, నీళ్ళు పోసేవాళ్ళు లేకపోవడం. నర్సింగరావు గారి కుండీలో ఉన్నవన్నీ దానికి దొరికాయి.

"వచ్చే నెల పోస్టింగు సార్" అన్నారు రామారావు గారు మొదటిసారి నోరు విప్పి. "పెరట్లో కరివేపాకు మొక్క కూడా ఈళ్ళకే ఒదిలేత్తానంటంది. కొత్త సోట ఏదీ పెట్టనంటంది. పెళ్ళయిన కాడ్నించి ఏ స్టేషనుకెళ్ళినా ముందు మొక్క పెట్టి, తర్వాతే పెట్టెలు ఇప్పీది."

నేను ముందుగా ఢిల్లీ ఎండను నిందించాను. ఆమె కమ్లా గుమ్మం ముందున్న గులాబీలు చూపించింది. నర్సరీవాళ్ళు మోసం చేసి ఉంటారన్నాను. అదే నర్సరీ నుంచి పక్కింటివాళ్ళు తెచ్చిన నిమ్మ మొక్క కాయలు కాస్తోందట. నేను తెచ్చిన మొక్క ముందుకు జరిపి, ఇది పెట్టి చూడమన్నాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "మీరే పెట్టండి సార్. మీ సెయ్యి మంచిది. అన్ని రకాలు పెంచినారు కదా."

ఇక చెప్పక తప్పలేదు. చెప్పడం కూడా నాకు చేతనైన పద్ధతిలోనే చెప్పాను. "అమ్మా, నేను లావెండర్ ఎన్నడూ పెంచలేదు. ఆ వ్యాసం లావెండర్‌ది కాదు, మల్లెది. పేరు మార్చానంతే. మీరు లావెండర్‌ను మల్లెగా పెంచారు, అది మాత్రం పాపం మల్లె కాలేకపోయింది. మీవి ఎండకు చావలేదు, నా వాక్యాల్లో మునిగి చచ్చాయి. ఫోటోలో ఉన్నది లావెండరూ కాదు, అది ఇంకెవరో. హస్తవాసి పోయింది మీది కాదు, నాది. నాకు అది ఉన్నట్టు కూడా ఎవరూ అనలేదనుకోండి."

కమ్లాకు తెలుగు రాదు. నా ముఖం చూసి, ఏదో సరదా మాట అనుకుని తనూ నవ్వింది. రామారావు గారు టీ గ్లాసు కింద పెట్టారు. కృష్ణవేణి గారు బోర్లించిన కుండీల వైపు చూసింది, పగిలిన కుండీ వైపు చూసింది, తర్వాత తన అరచేతులు తిప్పి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"రెండేళ్ళయింది సార్, ఈ లైన్లో ఎవులూ నా సేత కొత్తిమీర కూడా సల్లించనేదు" అంది. "మీరు నవ్వుతూ సెప్తన్నారేటి."